దుంగ ఒకటే, లెక్కలు ఎన్నో: కలప ఘనపరిమాణం కొలిచే పాత పద్ధతుల తీరు

సంక్షిప్తంగా: గుండ్రటి దుంగలో ఎంత కలప ఉందో చెప్పే సంప్రదాయ సూత్రాలు ఒకే దుంగకు వేర్వేరు అంకెలు ఇస్తాయి. కొన్ని దుంగ మొత్తాన్ని కొలుస్తాయి, కొన్ని దాని నుంచి తెగే పలకలను అంచనా వేస్తాయి, మరికొన్ని మనిషి నోటిలెక్కకు అందేలా రూపొందినవి. అన్ని దుంగలకూ ఒకే నిష్పత్తిలో తక్కువ చూపే సూత్రం వల్ల పెద్ద హాని లేదు, ఆ తేడా ధరలో సర్దుకుంటుంది. దుంగ లావును బట్టి, ఆకారాన్ని బట్టి తేడా మారిపోయే సూత్రాల దగ్గర, ఒక సూత్రం కొలతను మరో సూత్రం ధరతో గుణించే చోట అసలు చిక్కు మొదలవుతుంది.

ఒక దుంగ, నాలుగు జవాబులు

పది అడుగుల పొడవు, నడుమ దగ్గర 48 అంగుళాల చుట్టుకొలత ఉన్న దుంగ ఒకటి కోతకు సిద్ధంగా ఉందనుకుందాం. బెరడు ఒలిచేశారు, వంకర లేదు, తొర్ర లేదు. ఇందులో కలప ఎంత అంటే రేఖాగణితం చెప్పే జవాబు 12.73 ఘనపుటడుగులు. కలప వ్యాపారంలో తరతరాలుగా నడుస్తున్న పావు చుట్టుకొలత పద్ధతిలో వేస్తే సరిగ్గా 10. ఆ దుంగ నుంచి నాలుగు మూలలూ పదునుగా ఉండే చదరపు దూలం ఒక్కటి తీస్తే 8.1. ఫ్రాన్సు కలప వ్యాపారంలో వాడిన ‘అయిదో వంతు తీసివేత’ లెక్కలో అయితే 6.4 మాత్రమే.

ఈ నాలుగింటిలో ఏదీ లెక్క తప్పడం వల్ల వచ్చింది కాదు. ప్రతి అంకె వెనకా ఒక నియమం, ఆ నియమానికి ఒక కారణం ఉన్నాయి. అయితే నాలుగు అంకెలనూ ‘ఘనపుటడుగులు’ అనే ఒకే మాటతో పిలవడం వల్ల, కొత్తగా కలప కొనేవారికీ, తోటలో చెట్లు పెంచి మొదటిసారి అమ్ముకునేవారికీ ఎవరో మోసం చేస్తున్నారన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం కొన్నిసార్లు నిజమే అవుతుంది, చాలాసార్లు కాదు. ఏది ఎప్పుడో తేల్చుకోవాలంటే ఈ సూత్రాలు పుట్టిన తీరు చూడాలి.

తాడు మడతలో పుట్టిన సూత్రం

నేల మీద పడి ఉన్న దుంగకు వ్యాసం కొలవడం కష్టం. చివర్లలో కొలవవచ్చు గాని, నడుమ దగ్గర కొలవాలంటే పెద్ద కాలిపర్ (రెండు దవడల మధ్య పట్టి మందం కొలిచే సాధనం) కావాలి, దుంగ కింది భాగం నేలకు ఆని ఉంటుంది. చుట్టుకొలత తీయడానికి మాత్రం ఒక తాడు చాలు. తాడును దుంగ నడుమకు చుట్టి, కలిసిన చోట వేలితో పట్టుకుని, బయటికి తీసి సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగో వంతు చేతిలో ఉంటుంది. దాన్ని అడుగు బద్ద మీద పెట్టి చదివిన అంకెను ఒక చతురస్రం భుజంగా తీసుకుని, వర్గం చేసి, పొడవుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. వృత్తం, ‘పై’ విలువ, దశాంశాలు ఏవీ మధ్యలోకి రావు. పై ఉదాహరణలో 48 అంగుళాల్లో నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే అడుగు. అడుగు వెడల్పు, అడుగు మందం, పదడుగుల పొడవు: పది. కాగితం అక్కర్లేదు.

ఈ పద్ధతికి ఇంగ్లండు సర్వేయరు ఎడ్వర్డ్ హాపస్ పేరు స్థిరపడింది. 1736లో ఆయన ప్రచురించిన పట్టికల్లో పావు చుట్టుకొలత ఒకవైపు, పొడవు మరోవైపు చూసుకుంటే ఘనపరిమాణం సిద్ధంగా దొరికేది. పద్ధతిని ఆయన కనిపెట్టలేదు. 1677లోనే హెన్రీ కాగ్గెషాల్ కలప కొలతల కోసం తయారుచేసిన జారుడు బద్ద మీద చుట్టుకొలత గీత పావు చుట్టుకొలతకు అనుగుణంగానే గీసి ఉంది. హాపస్ చేసిన పని, గుణకారం కూడా అవసరం లేకుండా చేయడం. బ్రిటిష్ వ్యాపారం, బ్రిటిష్ అటవీ పరిపాలన వెళ్ళిన చోటికల్లా ఆ పట్టికలు వెళ్ళాయి. అందుకే బ్రిటన్ 1970లలో మెట్రిక్ కొలతలకు మారినా, మయన్మార్ టేకు వ్యాపారంలో 50 హాపస్ అడుగుల (అంటే ఈ పద్ధతిలో లెక్కించిన ఘనపుటడుగుల) ‘హాపస్ టన్ను’ అలాగే నిలిచింది. ఇక్కడి టన్ను బరువు కాదు, సుమారు 1.8 ఘనమీటర్ల కలపకు పెట్టిన పేరు.

21 శాతం ఎక్కడికి పోయింది?

వృత్తం చుట్టుకొలతను నాలుగు భాగాలు చేసి చతురస్రంగా మలిస్తే, ఆ చతురస్రం వైశాల్యం వృత్తం వైశాల్యంలో 78.5 శాతమే ఉంటుంది. చుట్టుకొలత ఎంతైనా ఈ నిష్పత్తి మారదు. అంటే హాపస్ లెక్క ప్రతి దుంగలోనూ, సన్నదైనా లావుదైనా, 21.5 శాతం కలపను లెక్కలోకి తీసుకోదు. ఒక హాపస్ అడుగులో నిజానికి 1.273 ఘనపుటడుగుల కలప ఉంటుంది. ఒక ఘనమీటరు అసలు కలప 35.3 ఘనపుటడుగులకు సమానం, హాపస్ అడుగుల్లో మాత్రం 27.7.

ఈ లోటుకు వ్యాపారంలో తరచుగా వినిపించే సమర్థన ఒకటుంది. పోయిన భాగం కోతలో వృథా అయ్యేదని, మిగిలిన చతురస్రం దుంగ నుంచి తెగే దూలమని చెబుతారు. వినడానికి సబబుగానే ఉన్నా ఇది నిలబడే వాదన కాదు. 48 అంగుళాల చుట్టుకొలత ఉన్న దుంగ వ్యాసం 15.28 అంగుళాలు. హాపస్ చతురస్రం భుజం 12 అంగుళాలు, దాని కర్ణం 16.97 అంగుళాలు. దుంగ చివర మీద సుద్దముక్కతో ఆ చతురస్రం గీయబోతే నాలుగు మూలలూ ఒక్కొక్కటి 0.85 అంగుళం చొప్పున దుంగ దాటి గాలిలోకి వెళ్తాయి. అంత దూలం అందులో లేదు. మూలలు గుండ్రంగా మిగిలిపోయినా ఫరవాలేదనుకునే పాతకాలపు గొడ్డలి చెక్కుడు దూలాలకు ఆ కొలత దగ్గరగా వచ్చి ఉండవచ్చు. పదును మూలల దూలం కావాలంటే భుజం 10.8 అంగుళాలకు మించదు, అప్పుడు వచ్చేది 8.1 ఘనపుటడుగులు, అంటే దుంగలో 63.7 శాతం. పలకలుగా కోస్తే దిగుబడి మిల్లును బట్టి, రంపాన్ని బట్టి, పలక మందాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల అది సగానికీ మూడింట రెండు వంతులకూ మధ్య ఉంటుంది. కనుక 78.5 శాతం దుంగలో ఉన్నదీ కాదు, దుంగ నుంచి వచ్చేదీ కాదు. అది తాడును రెండుసార్లు మడవడం వల్ల వచ్చిన సంఖ్య, అంతే. కోత వృథా అనే వివరణ తర్వాత తగిలించినదిగానే కనిపిస్తుంది.

అలాగని ఇది అమ్మేవాడికి తప్పనిసరిగా నష్టం కాదు. నిష్పత్తి స్థిరంగా ఉంది కాబట్టి, అసలు ఘనపుటడుగు ధర 100 అయితే హాపస్ అడుగు ధర 127.3 ఉంటే ఇద్దరి మధ్య లెక్క సరిపోతుంది. ఏళ్ళ తరబడి హాపస్ అడుగులతోనే నడిచిన బజారులో ధర సహజంగా ఆ స్థాయికే చేరి ఉంటుంది. అసలు ఘనపుటడుగుకు చెప్పిన ధరను హాపస్ కొలతకు వేస్తే మాత్రం అమ్మేవాడు 21.5 శాతం పోగొట్టుకుంటాడు. హాపస్ ధరను అసలు ఘనపరిమాణానికి వేస్తే కొనేవాడు 27.3 శాతం ఎక్కువ చెల్లిస్తాడు. రెండింటినీ నోటితో ‘సీఎఫ్‌టీ’ (ఘనపుటడుగు) అనే అనడం కద్దు కాబట్టి ఈ పొరపాటు ఊహకు అందనిదేమీ కాదు.

లోటును సరిదిద్దే ఉపాయం కూడా పాతదే. అంగుళాల్లో పావు చుట్టుకొలత వర్గాన్ని అడుగుల పొడవుతో గుణించి 144తో భాగిస్తే హాపస్ అడుగులు వస్తాయి. అదే లబ్ధాన్ని 113తో భాగిస్తే అసలు ఘనపుటడుగులు వస్తాయి. మన దుంగకు 144 × 10 = 1440, దాన్ని 113తో భాగిస్తే 12.74. తాడు అదే, మడత అదే, మారింది భాజకం ఒక్కటే.

చతురస్రానికి మరికొన్ని రూపాలు

గుండ్రాన్ని చతురస్రంగా మార్చుకుని కొలవడం ఇంగ్లండుకే పరిమితం కాలేదు. చుట్టుకొలతలో అయిదో వంతును భుజంగా తీసుకుని, వర్గం చేసి, రెట్టింపు చేసి, పొడవుతో గుణించే మరో పాత సూత్రం ఉంది. 48 అంగుళాల్లో అయిదో వంతు 9.6 అంగుళాలు, అంటే 0.8 అడుగు. దాని వర్గం 0.64, రెట్టింపు 1.28, పదడుగులకు 12.8. అసలు విలువ 12.73తో పోలిస్తే తేడా అర శాతం. ఇంత సులువైన, ఇంత కచ్చితమైన లెక్క అందుబాటులో ఉండి కూడా వ్యాపారం పావు చుట్టుకొలతనే పట్టుకుని ఉండటం గమనించదగినది. తాడును నాలుగుగా మడవడం క్షణం పని, అయిదుగా మడవడం చేతికి అలవాటుపడని పని. దానికి తోడు తక్కువ చూపే సూత్రం కొనేవాడికి ఇష్టం, బజారులో మాట చెల్లేది ఎక్కువగా అతనిదే.

ఫ్రెంచ్ పద్ధతుల్లో తీసివేత దాపరికం లేకుండా, సూత్రం పేరులోనే ఉంటుంది. ‘ఆరో వంతు తీసివేత’లో చుట్టుకొలత నుంచి ఆరో వంతు తగ్గించి, మిగిలినదాన్ని నాలుగు చేసి వర్గం కడతారు. ఫలితం అసలు పరిమాణంలో 54.5 శాతం. ‘అయిదో వంతు తీసివేత’లో 50.3 శాతం. ఈ లెక్కలు దుంగను కాదు, దాని నుంచి వచ్చే చదును చేసిన కలపను ఉద్దేశించినవి.

జపాన్ ప్రమాణం ఇందుకు ఎదురు దిక్కున నడుస్తుంది. ఆరు మీటర్ల లోపు దుంగలకు సన్నని చివర వ్యాసాన్నే చతురస్రం భుజంగా తీసుకుంటారు. 30 సెంటీమీటర్ల వ్యాసం, 4 మీటర్ల పొడవు ఉంటే 0.3 × 0.3 × 4 = 0.36 ఘనమీటరు. సన్నని చివర లావుతోనే పొడవునా ఉండే స్తంభాన్ని ఊహిస్తే అందులో ఉండేది 0.283 ఘనమీటరే, అంటే చతురస్రం 27 శాతం ఎక్కువ చూపిస్తోంది. కాని చెట్టు మొదలు వైపుకి పోయేకొద్దీ లావెక్కుతుంది కాబట్టి, సన్నని చివర దగ్గర ఎక్కువ వేసినది మొదలు వైపు పెరిగే లావుతో కొంతవరకు సరిపోతుంది. హాపస్ చతురస్రం వృత్తం కంటే చిన్నది, జపాన్ చతురస్రం వృత్తాన్ని పూర్తిగా కప్పేది. రెండూ దుంగను చదరంగా చూసినవే అయినా ఒకటి నడుమ కొలతనూ మరొకటి చివర కొలతనూ నమ్ముకోవడం వల్ల ఫలితాలు ఇంత దూరం జరిగాయి.

పలకలను కొలిచే లెక్క

అమెరికాలో కలప కొలత వేరే దారి పట్టింది. అక్కడి ప్రశ్న దుంగలో ఎంత ఉందని కాదు, దాని నుంచి ఎన్ని పలకలు తెగుతాయని. ప్రమాణం బోర్డు అడుగు: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక, అంటే ఘనపుటడుగులో పన్నెండో వంతు. దుంగ సన్నని చివర దగ్గర బెరడు లోపలి వ్యాసం కొలిచి, పట్టికలో చూసి, బోర్డు అడుగులు చెబుతారు. ఆ పట్టికలు చాలా రకాలు. వాటిలో మూడు ఎక్కువ కాలం నిలిచాయి.

డాయిల్ సూత్రం నోటిలెక్కకు బాగా అనువైనది. అంగుళాల్లో వ్యాసం నుంచి నాలుగు తీసేసి, మిగిలినదాన్ని నాలుగుతో భాగించి, వర్గం చేసి, అడుగుల పొడవుతో గుణించాలి. ఆ నాలుగు అంగుళాలు దుంగ చుట్టూ పోయే పొట్టు చెక్కలకు. 1846 నాటి స్క్రిబ్నర్ పట్టిక సూత్రం కాదు, బొమ్మ. ప్రతి వ్యాసానికీ వృత్తం గీసి, అందులో అంగుళం మందం పలకలను పావు అంగుళం రంపం దారి (కోతలో పొట్టుగా పోయే మందం) వదిలి సర్ది, ఎన్ని పట్టాయో లెక్కపెట్టి తయారుచేసినది. ఇంటర్నేషనల్ రూల్‌ను అటవీ నిపుణుడు జడ్సన్ క్లార్క్ 1906లో వెలువరించాడు. ప్రతి నాలుగు అడుగులకూ దుంగ అర అంగుళం లావెక్కుతుందన్న లెక్కను అది కలుపుకుంది. పావు అంగుళం రంపానికి సవరించిన రూపం తర్వాత స్థిరపడింది.

16 అడుగుల దుంగకు ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే విషయం తెలుస్తుంది. సన్నని చివర వ్యాసం 8 అంగుళాలైతే డాయిల్ 16 బోర్డు అడుగులు, స్క్రిబ్నర్ 32, ఇంటర్నేషనల్ 40. వ్యాసం 12 అంగుళాలైతే వరుసగా 64, 79, 95. 24 అంగుళాలకు 400, 404, 425. ఎనిమిది అంగుళాల దుంగ దగ్గర రెండున్నర రెట్ల తేడా, 24 అంగుళాల దగ్గరికి వచ్చేసరికి ఆరు శాతానికి దిగిపోయింది. 30 అంగుళాల దగ్గర డాయిల్ 676 చెబుతుంటే స్క్రిబ్నర్ 657 దగ్గర ఆగింది, అంటే డాయిల్ ముందుకు వెళ్ళింది. ఇంకోవైపు, నాలుగు అంగుళాల దుంగకు డాయిల్ జవాబు సున్నా.

హాపస్ లోటుకూ డాయిల్ లోటుకూ ఉన్న అసలు తేడా ఇది. హాపస్ ప్రతి దుంగనూ ఒకే కత్తెరతో కత్తిరిస్తుంది, కాబట్టి ధర పెంచితే సరిపోతుంది. డాయిల్ లోటు దుంగ లావును బట్టి మారుతుంది, కాబట్టి ఏ ఒక్క ధరా అన్ని దుంగలకూ న్యాయం చేయదు. నాలుగు అంగుళాల స్థిర తీసివేత పెద్ద అడవి మానులకు చిన్న మాట, పలచన చేసిన తోటల నుంచి వచ్చే సన్న దుంగలకు పెద్ద దెబ్బ. చెట్లు సన్నబడుతున్న కొద్దీ ఆ సూత్రం అమ్మేవాడికి మరింత ప్రతికూలం అవుతుంది, ఎవరూ దాన్ని మార్చకపోయినా. ఇరవై ఎనిమిది అంగుళాల వరకు డాయిల్‌నూ ఆపైన స్క్రిబ్నర్‌నూ వాడే ఒక జోడు సూత్రం కూడా నడిచింది. ఏ సైజు దగ్గర ఏది తక్కువ చూపిస్తే దాన్ని ఏరుకున్నట్టు ఉండే ఆ ఏర్పాటు ఎవరి సౌకర్యం కోసం పుట్టిందో వివరించనక్కర్లేదు.

పలక లెక్కలకు ఇంకో బలహీనత ఉంది. అవి తమ కాలపు రంపాన్ని లోపల దాచుకుని ఉంటాయి. అంగుళం పలకకు పావు అంగుళం రంపం దారి పోతే కోసిన మందంలో అయిదో వంతు పొట్టుగా రాలుతుంది. సన్నని బ్యాండ్ రంపం ఎనిమిదో వంతు అంగుళంతో కోస్తే ఆ నష్టం తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. పట్టిక చెప్పినదానికంటే ఎక్కువ పలకలు వస్తాయి, ఆ అదనం మిల్లుదే అవుతుంది.

నడుమ కొలవాలా, చివర్లలో కొలవాలా?

ఇంతవరకు వచ్చిన తేడాలు గుండ్రం గురించి. పొడవు వెంట లావు మారడం మరో సమస్య. అడవి కొలతల శాస్త్రంలో దీనికి మూడు సూత్రాలున్నాయి. హ్యూబర్ సూత్రం నడుమ కోత వైశాల్యాన్ని పొడవుతో గుణిస్తుంది. స్మేలియన్ సూత్రం రెండు చివర్ల వైశాల్యాల సగటును పొడవుతో గుణిస్తుంది. న్యూటన్ పేరుతో చెప్పే సూత్రం రెండు చివర్లను ఒక్కోసారి, నడుమను నాలుగుసార్లు లెక్కలోకి తీసుకుని ఆరుతో భాగిస్తుంది. హాపస్ కొలత నడుమనే తీస్తారు కాబట్టి అది హ్యూబర్ విలువను 0.785తో గుణించినట్టే.

మొదలు దగ్గర వేళ్ళ వైపు బాగా విచ్చుకున్న ఆరు మీటర్ల దుంగ తీసుకుందాం. మొదలు వ్యాసం 60 సెంటీమీటర్లు, నడుమ 46, కొస 40. స్మేలియన్ లెక్కలో 1.225 ఘనమీటర్లు, హ్యూబర్ లెక్కలో 0.997, న్యూటన్ లెక్కలో 1.073. న్యూటన్‌ను నిజానికి దగ్గరగా తీసుకుంటే స్మేలియన్ 14 శాతం ఎక్కువ, హ్యూబర్ 7 శాతం తక్కువ చూపించాయి. ఇది యాదృచ్ఛికం కాదు. న్యూటన్ సూత్రంతో పోల్చినప్పుడు స్మేలియన్ తేడా ఎప్పుడూ హ్యూబర్ తేడాకు రెట్టింపు, దిశ వ్యతిరేకం. మొదలులో ఉబ్బు కొద్ది అడుగుల్లోనే తగ్గిపోతుంది, కాని స్మేలియన్ దాన్ని దుంగ సగం పొడవుకు పరిచేస్తుంది.

అయినా స్మేలియన్ విస్తృతంగా వాడుకలో ఉండటానికి కారణం గుట్టలు. దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నప్పుడు టేపు నడుమకు చేరదు, కనిపించేవి చివర్లే. తేడా తగ్గించుకునే మార్గం, పొడవైన దుంగను భాగాలుగా చేసి దేనికది కొలవడం. భాగం పొడవు సగమైతే మొత్తం మీద తేడా దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. మొదలు ముక్కను వేరుగా లెక్కకట్టే పాత అలవాటులో ఉన్న తెలివి ఇదే.

టేపు చెప్పే అబద్ధాలు

సూత్రం మీద జరిగే చర్చలో సగమైనా టేపు పట్టుకునే తీరు మీద జరగదు. ఫలితాన్ని అది కూడా అంతే మారుస్తుంది.

అన్నిటికంటే పెద్దది బెరడు. అర అంగుళం మందం బెరడు తీస్తే చుట్టుకొలత 3.14 అంగుళాలు తగ్గుతుంది. 48 అంగుళాల దుంగ 44.86 అవుతుంది, ఘనపరిమాణం 12.7 శాతం పడిపోతుంది. బెరడు మీదనే కొలిచి, పావు చుట్టుకొలతలో అడుగుకు అంగుళం చొప్పున తగ్గించడం బ్రిటిష్ పద్ధతిలో ఒక ఆనవాయితీ. అది పరిమాణాన్ని 16 శాతం తగ్గిస్తుంది. పలచని బెరడు చెట్టుకూ మందపాటి బెరడు చెట్టుకూ ఒకే తగ్గింపు వేస్తే ఒకరికి లాభం, ఒకరికి నష్టం.

రెండోది ఆకారం. ఒకే చుట్టుకొలత ఉన్న ఆకారాలన్నిటిలో ఎక్కువ వైశాల్యం వృత్తానిదే. కాబట్టి దుంగ ఏమాత్రం కోలగా ఉన్నా, గాడులు పడి ఉన్నా, చుట్టుకొలత నుంచి వేసిన లెక్క ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎన్నడూ చూపించదు. ఒక దిక్కున 18 అంగుళాలు, అడ్డంగా 12 అంగుళాలు ఉన్న కోల దుంగకు చుట్టుకొలత దాదాపు 47.6 అంగుళాలు. ఆ టేపు కొలతను నమ్మితే కోత వైశాల్యం 180 చదరపు అంగుళాలు, నిజానికి ఉన్నది 170లోపే. హాపస్ లోటులో కొంత భాగాన్ని ఈ అదనం పూడుస్తుంది, అయితే ఎంత పూడుస్తుందన్నది చెట్టు జాతిని బట్టి మారిపోతుంది.

మూడోది అంకెల సవరింపు సంగతి. చుట్టుకొలతలో వచ్చిన తేడా వర్గమవడం వల్ల ఘనపరిమాణంలో రెట్టింపవుతుంది. 48 అంగుళాల దగ్గర ఒక్క అంగుళం వదిలేస్తే 4 శాతం పైగా పోతుంది. భిన్నాలను ఎప్పుడూ కిందికే సవరించే ఆచారం ఉన్న చోట, వంద దుంగల మీద అది ఒక వైపే పేరుకుంటుంది. టేపు ఏటవాలుగా పడితే, ముడి మీదుగా వెళ్తే, వదులుగా ఉంటే వచ్చే తేడాలు పెంచే దిక్కువి.

వీటన్నిటికీ అతీతమైన కొలత ఒకటుంది: దుంగను నీటి తొట్టిలో పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని కొలవడం. జైలోమీటర్ అనే ఆ తొట్టి పరిశోధనలో సూత్రాలను సరిచూడటానికి పనికొచ్చింది. డిపోలో వేలాది దుంగలకు దాన్ని వాడటం ఎవరికీ సాధ్యం కాదు.

వంటచెరకు, గుజ్జు కలప (కాగితం గుజ్జుకు వాడేది) లాంటి సన్న కట్టెలను విడిగా కొలవరు, పేర్చి కొలుస్తారు. అమెరికన్ కార్డ్ నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు, అంటే 128 ఘనపుటడుగుల పేర్పు. అందులో గట్టి కలప సాధారణంగా 80 నుంచి 90 ఘనపుటడుగులు, మిగిలినది గాలి. ఫ్రాన్సు 1795లో మెట్రిక్ పద్ధతితో పాటు తెచ్చిన స్టేర్ ఒక ఘనమీటరు పేర్పు, దానిలోనూ మూడో వంతు దాకా ఖాళీయే. కట్టెలు వంకరగా ఉన్నకొద్దీ గాలి అమ్ముడవుతుంది.

మెట్రిక్ వచ్చినా పోని హాపస్

ఘనమీటరు అనే మాట రాగానే గందరగోళం తీరిపోవాలి. కాని టేకు దుంగల అంతర్జాతీయ వ్యాపారంలో ‘హాపస్ సీబీఎం’ (హాపస్ ఘనమీటరు) అనే కొలత ఇప్పటికీ నడుస్తోంది. మీటర్లలో చుట్టుకొలత తీసి, నాలుగుతో భాగించి, వర్గం చేసి, పొడవుతో గుణించి, ఫలితాన్ని ఘనమీటర్లు అంటారు. ప్రమాణం మారింది, తాడు మడత మారలేదు. 1.20 మీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల పొడవు ఉన్న దుంగలో అసలు కలప 0.344 ఘనమీటరు, హాపస్ లెక్కలో 0.27. దీనిమీద బెరడు, తెల్లచెక్క, చివరి పగుళ్ళ పేరుతో చుట్టుకొలతలో కొన్ని సెంటీమీటర్లు, పొడవులో కొన్ని సెంటీమీటర్లు తగ్గించడం మామూలు. చుట్టుకొలతలో 5, పొడవులో 10 సెంటీమీటర్లు తగ్గిస్తే అదే దుంగ 0.24 అవుతుంది. అసలుతో పోలిస్తే 30 శాతం తక్కువ. రెండు దేశాల కొటేషన్లలో ఘనమీటరు ధరలు పోల్చేటప్పుడు కొలత పద్ధతి, తగ్గింపులు, నడుమ కొలతా చివర కొలతా అన్నవి తెలియకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

హాపస్ నుంచి అసలు ఘనమీటరుకు మారే బజారులో తొలి ప్రభావం ధర పడిపోయినట్టు కనిపించడం. కొలత 27 శాతం పెరిగింది కాబట్టి యూనిట్ ధర 21.5 శాతం తగ్గాలి, చెల్లింపు మొత్తం మారకూడదు. ఆ సవరణ జరగని మధ్యకాలంలోనే, పాత ధరా కొత్త కొలతా తెలిసిన పక్షం తెలియని పక్షం మీద లాభపడుతుంది. డాయిల్ లాంటి సూత్రం నుంచి మారేటప్పుడు ఇంత సులువైన గుణకం కూడా దొరకదు, దుంగల సైజు వర్గాన్ని బట్టి వేర్వేరు గుణకాలు కావాలి.

బరువుతో కొనడం గుజ్జు కలపలో పెరిగింది. లారీని కాటా మీదికి ఎక్కిస్తే పని అయిపోతుంది గాని, పచ్చి చెక్కలో నీరు కొన్ని జాతుల్లో ఎండు చెక్క బరువును మించి కూడా ఉంటుంది, నరికిన రోజుకూ నెల తర్వాతకూ బరువు ఒకటి కాదు. పెద్ద మిల్లుల్లో లేజర్ స్కానర్లు దుంగ వెళ్తుండగానే కొద్ది సెంటీమీటర్లకు ఒకసారి వ్యాసం చదివి, పొడవునా ముక్కముక్కగా కూడి ఘనపరిమాణం చెబుతాయి. కోల ఆకారం, మొదలు ఉబ్బు, వంకర అన్నీ వాటికి కనిపిస్తాయి. అయినా చీటీ మీద అచ్చయ్యే అంకె ఒప్పందంలో రాసుకున్న సూత్రానిదే. అది డాయిల్ అయితే, దుంగ ఆకారమంతా చదివిన యంత్రం కూడా వ్యాసంలో నాలుగు అంగుళాలు తీసేసే లెక్క మొదలుపెడుతుంది.